ఎక్స్‌రేలో కొర్ర గింజలు

ఆదోని దగ్గరి పల్లె నుంచి ఒకామె ఇరవై నాలుగేళ్ళ కొడుకును వెంటబెట్టుకొని కర్నూలులో మా ఓపీకి వచ్చింది. అబ్బాయి ఎక్స్‌రేను నేను కిటికీ వెలుగుకు పెట్టి చూస్తుంటే, వెనక నుంచి తొంగి చూసి, "ఏంది సామీ, కొర్రలు చల్లినట్టుండాదే!" అనింది. ఆమె చదువుకోలేదు. కానీ ఆ జబ్బు పేరును అక్షరాలా చెప్పేసింది. 1700లో జెనీవా వైద్యుడు మాంజే, క్షయతో చనిపోయిన ఒక మనిషి దేహాన్ని కోసి చూసి, అవయవాల నిండా లెక్కలేనన్ని చిరుధాన్యపు గింజల్లాంటి గడ్డలున్నాయని రాశాడు. ఆ పోలికే పేరై 'మిలియరీ టీబీ' అయింది. లాటిన్‌లో మిలియం అంటే చిరుధాన్యపు గింజ. మన వరిగకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు పానికం మిలియేసియం. అందులోనూ ఉన్నది ఆ మాటే. వరిగ ఎరగనివాళ్ళు కొర్రను తలుచుకుంటే సరిపోతుంది. ఫిల్ము మీద ఆ చుక్కలు ఎక్కువమందిలో 1 నుంచి 2 మిల్లీమీటర్లు, అంటే ఇంచుమించు కొర్రంత ఉంటాయి. కొద్దిమందిలోనే సజ్జ గింజంత అవుతాయి.

ఆమె అన్న రెండో మాట, 'చల్లినట్టు' అన్నది, ఇంకా విలువైనది. గొర్రుతో విత్తితే సాలు కనిపిస్తుంది, చేత్తో చల్లితే కనిపించదు. సీటీ స్కాన్‌లో రేడియాలజిస్టు వెతికేది ఇదే. చుక్కలు శ్వాసనాళాల వెంబడి వరుసకట్టి ఉన్నాయా, లేక వరసా వావీ లేకుండా రెండు ఊపిరితిత్తుల్లో పైనుంచి కింది దాకా పడి ఉన్నాయా అని చూస్తారు. వరస లేకపోతే అవి రక్తం తెచ్చి చల్లినవి. అన్నీ ఇంచుమించు ఒకే సైజులో ఉండటానికి కూడా అదే కారణం: ఒకే అదనులో పడిన గింజలు ఒకే ఎత్తు పెరుగుతాయి.

మామూలుగా ఊపిరితిత్తుల టీబీ ఒకచోట గూడు కడుతుంది. ఎక్కువగా పైభాగంలో చేరి, అక్కడ కండను తిని పుండు చేస్తుంది. ఒంట్లో శక్తి ఉన్నంత కాలం రక్షణ కణాలు ఆ గూడు చుట్టూ కట్ట వేసి ఉంచుతాయి. కట్ట తెగిన రోజు క్రిమి పక్కనున్న రక్తనాళంలోకో, శోషరస నాళంలోకో పడుతుంది. సిరలో పడితే గుండె కుడివైపుకు చేరి, అక్కడి నుంచి నేరుగా ఊపిరితిత్తులకు వస్తుంది. ఊపిరితిత్తుల నుంచి గుండె ఎడమవైపుకు వెళ్ళే నాళంలో పడితే కాలేయం, ప్లీహం, ఎముక మజ్జ, మూత్రపిండాలు, మెదడు పొరలు, ఎక్కడికైనా పోతుంది. కొందరిలో, ముఖ్యంగా పసిపిల్లల్లో, మొదటిసారి క్రిమి సోకిన కొద్ది నెలలకే ఇది జరుగుతుంది. మరికొందరిలో ఎప్పుడో చిన్నప్పుడు సోకి నిద్రపోతున్న క్రిమి, నలభై ఏళ్ళ తర్వాత షుగరు పెరిగో, కిడ్నీలు దెబ్బతినో, వేరే జబ్బుకు నెలల తరబడి స్టెరాయిడ్లు వాడో, తాగుడు వల్లో, హెచ్‌ఐవీ వల్లో శరీరం బలహీనపడినప్పుడు లేస్తుంది. వీటన్నిటి కంటే మా దగ్గర ఎక్కువగా కనిపించే కారణం చాలీచాలని తిండి. ఆదోని అబ్బాయికి షుగరు లేదు, హెచ్‌ఐవీ లేదు. బరువు మాత్రం 38 కిలోలు.

మొత్తం టీబీ కేసుల్లో ఇది నూటికి ఒకటీ రెండూ అని పుస్తకాలు చెబుతాయి. అరుదైన జబ్బు అనిపిస్తుంది. కానీ 2023లో మన దేశంలో కొత్తగా టీబీ వచ్చినవాళ్ళు దాదాపు 28 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. నూటికి ఒకటి చొప్పున వేసుకున్నా ఏడాదికి 28 వేల మంది అవుతారు.

అసలు చిక్కు ఈ జబ్బు టీబీలా ప్రవర్తించకపోవడంలో ఉంది. టీబీ అంటే జనం మనసులో ఉన్న బొమ్మ దగ్గు, గళ్ళ, అందులో నెత్తురు చార. రెండు వారాలు దాటి దగ్గుంటే గళ్ళ పరీక్ష చేయించుకోవాలని గోడల మీద రాతలు చదివి చదివి అందరికీ తెలుసు. మిలియరీ టీబీలో దగ్గు ఉండకపోవచ్చు, ఉన్నా పొడి దగ్గు. ఉండేది జ్వరం, ఆకలి చచ్చిపోవడం, మనిషి రోజురోజుకూ కరిగిపోవడం. ఆ జ్వరం ఒంట్లో ఎక్కడి నుంచి వస్తోందో చూపించే గుర్తు ఒక్కటీ ఉండదు. టీబీ జ్వరం సాయంత్రాలు వస్తుందని మేమంతా నేర్చుకున్నాం. ఇందులో పొద్దున్నే పెరిగే జ్వరం కూడా కనిపిస్తుంది. రాత్రి చెమటలకు దుప్పటి తడిసిపోతుంది. ముసలివాళ్ళలో జ్వరం కూడా ఉండకపోవచ్చు. పంచె నడుం మీద నిలవదు, అన్నం ముందు కూర్చుని లేస్తాడు, ఇంట్లోవాళ్ళు 'వయసు మీద పడింది' అనుకుంటారు. ఎక్స్‌రేలో కూడా ఏమీ పడకుండా ఇలా దాగి ఉండే రకం ముసలివాళ్ళలోనే ఎక్కువ.

ఆదోని అబ్బాయి ఏడు వారాలు తిరిగాడు. మొదటి వారం ఊర్లో సూది వేయించుకున్నాడు. రెండో వారం పట్నంలో వైడల్ పరీక్ష చేసి టైఫాయిడ్ అన్నారు. నాలుగో వారం ఇంకోచోట మళ్ళీ వైడల్, మళ్ళీ టైఫాయిడ్. ఎవరినీ వేలెత్తి చూపడానికి ఇది చెప్పడం లేదు. జ్వరం, తెల్లకణాలు తక్కువ, ప్లీహం కొంచెం పెరిగి ఉండటం, వైడల్‌లో ఏదో ఒక అంకె. ఇవన్నీ చూస్తే టైఫాయిడ్ అనిపించడం సహజమే. అయితే వైడల్ పరీక్ష చూసేది క్రిమిని కాదు, క్రిమి మీద శరీరం తయారుచేసిన ప్రతిరక్షకాలను. టైఫాయిడ్ తరచుగా వచ్చిపోయే మన ప్రాంతంలో చాలామంది రక్తంలో అవి ముందునుంచే కొంత ఉంటాయి. ఒక్కసారి చేసిన వైడల్‌ను పట్టుకొని నెల రోజులు టైఫాయిడ్ వైద్యం చేయకూడదు.

ఇందులో ఇంకో ప్రమాదముంది. టైఫాయిడ్‌కని వేసే సిప్రోఫ్లాక్ససిన్, లీవోఫ్లాక్ససిన్ లాంటి మందులకు టీబీ క్రిమి మీద కూడా కొంత దెబ్బ ఉంటుంది. అవి ఒంటరిగా క్రిమిని పూర్తిగా తుడిచిపెట్టలేవు, కొన్నాళ్ళు అణచిపెడతాయి. జ్వరం నాలుగు రోజులు తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. ఈలోగా పరీక్షల్లో క్రిమి దొరకడం కష్టమవుతుంది, ఆ మందుకు లొంగని క్రిములు మిగిలిపోయే అవకాశం పెరుగుతుంది. దీనికంటే చెడ్డది స్టెరాయిడ్ సూది. వేసిన గంటల్లో జ్వరం దిగుతుంది, ఆకలి వేస్తుంది, 'ఆ డాక్టరు చెయ్యి మంచిది' అంటారు. లోపల మాత్రం ఉన్న కాస్త కట్ట కూడా తెగుతుంది. ఏ కారణం చెప్పకుండా రెండు వారాలు దాటిన జ్వరానికి పేరు పెట్టకముందే ఈ రెండూ వాడకూడదని గట్టిగా చెప్పాలనుంది.

దీర్ఘ జ్వరాలన్నీ టీబీ కావు, అదీ నిజం. అనంతపురం వైపు గొర్ల కాపరికి నెలల తరబడి జ్వరం వస్తుంటే గొర్లు, పశువుల నుంచి సోకే బ్రూసెల్లా జబ్బు గురించి అడగాలి. పొలం గట్ల మీద, పొదల్లో తిరిగేవాళ్ళలో చిన్న పురుగు కాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం చూడాలి, ఆ కాటు వదిలే చిన్న నల్ల మచ్చ కోసం ఒళ్ళంతా వెతకాలి. రక్త క్యాన్సర్లూ ఇలాగే మొదలవుతాయి.

గళ్ళ పరీక్ష నెగటివ్ వచ్చిందంటే టీబీ లేదని కాదు. మామూలు టీబీలో పుండు శ్వాసనాళంలోకి తెరుచుకుని ఉంటుంది కాబట్టి దగ్గితే క్రిములు బయటపడతాయి. మిలియరీలో గింజలు ఊపిరితిత్తి గోడల మధ్య, కణజాలంలో ఉంటాయి. గాలి తిరిగే దారికి వాటికి సంబంధం లేదు. ఇక గళ్ళలోకి క్రిమి ఎలా వస్తుంది? సూక్ష్మదర్శినిలో చూసే పాత పద్ధతిలో మూడోవంతు మందిలోనే దొరుకుతుంది. క్రిమి జన్యువును వెతికే సీబీనాట్, ట్రూనాట్ యంత్రాలు అంతకంటే తక్కువ క్రిములున్నా పట్టుకుంటాయి, రిఫాంపిసిన్‌కు క్రిమి లొంగుతుందో లేదో కూడా గంటల్లో చెబుతాయి. అవి నెగటివ్ అన్నా కథ ముగియదు. మెడలో గడ్డ ఉంటే అందులోంచి, పొట్టలోనో పక్కలోనో నీరు చేరితే ఆ నీటినుంచి, శ్వాసనాళంలోకి దించే సన్నని గొట్టం బ్రాంకోస్కోపుతో ఊపిరితిత్తిని కడిగిన నీటినుంచి, అవసరమైతే ఎముక మజ్జ నుంచి నమూనా తీయాలి. టీబీ క్రిమి సోకిందా అని చేతి మీద సూది వేసి చూసే మాంటూ పరీక్ష వీళ్ళలో సగం సగం పనిచేస్తుంది. ఒంట్లో స్పందించే శక్తే అడుగంటినప్పుడు చర్మం ఉబ్బదు.

ఎక్స్‌రే మీద కూడా మొదటిసారే నమ్మకం పెట్టుకోకూడదు. క్రిమి రక్తంలో చల్లబడిన తర్వాత గింజలు ఫిల్ము మీద కనిపించేంత ఎదగడానికి 3 నుంచి 6 వారాలు పడుతుంది. రెండో వారంలో తీసిన ఎక్స్‌రే శుభ్రంగా ఉండవచ్చు. ఆ ఎక్స్‌రేనే సంచిలో పెట్టుకొని నాలుగు ఆసుపత్రులు తిరిగేవాళ్ళున్నారు. జ్వరం సాగుతుంటే మళ్ళీ తీయాలి, లేదా సన్నని పొరల సీటీ చేయాలి. అందులో చుక్కలు ముందే దొరుకుతాయి. అలాగని చుక్కలన్నీ టీబీ కూడా కాదు. తాడిపత్రి చుట్టుపక్కల గ్రానైటు కోసే చోట్ల ఏళ్ళ తరబడి దుమ్ము పీల్చిన మనిషికి జ్వరం లేకుండా ఇలాంటి చుక్కలుంటే అది సిలికోసిస్ కావచ్చు. అయితే సిలికోసిస్ ఉన్న ఊపిరితిత్తికి టీబీ త్వరగా పడుతుంది కాబట్టి, జ్వరం మొదలైందంటే రెండూ ఉన్నాయేమో చూడాలి. థైరాయిడ్ క్యాన్సరు పాకినా, ఈసినోఫిల్ అనే తెల్లకణాలు విపరీతంగా పెరిగినా ఇలాంటి బొమ్మే వస్తుంది.

రోగికి అంతు పట్టనిది కంటి డాక్టరు దగ్గరికి పంపడం. "జరానికి వస్తే కండ్లు సూస్తారేంది?" అని అడుగుతారు. కంటిపాపను చుక్కల మందుతో పెద్దది చేసి లోపల చూస్తే, కొందరిలో నేత్రపటలం వెనుక పొరలో పాలిపోయిన చిన్న గింజలు కనబడతాయి. కోత లేదు, సూది లేదు, అయినా మిలియరీ టీబీకి అది చాలా గట్టి సాక్ష్యం. పైగా వాడబోయే మందుల్లో ఇథాంబ్యుటాల్ చూపును దెబ్బతీయవచ్చు కాబట్టి మొదట్లోనే కళ్ళు ఎలా ఉన్నాయో రాసి పెట్టుకోవడం ఎటూ మంచిదే.

ఇక అందరూ భయపడే పరీక్ష, వెన్నులో నీరు తీయడం. నడుము పడిపోతుందని, కాళ్ళు పోతాయని పల్లెల్లో గట్టి నమ్మకం. సూది దించేది వెన్నుపాము ముగిసిన తర్వాతి భాగంలో. తలనొప్పి రావచ్చు, చాలామందిలో కొద్ది రోజుల్లో పోతుంది. పెద్దవాళ్ళలో మిలియరీ టీబీ ఉన్న పదిమందిలో ఒకరి నుంచి ముగ్గురి దాకా మెదడు పొరలకు కూడా జబ్బు పాకి ఉంటుంది. తలనొప్పి, వాంతులు, మాట తడబడటం, అర్థం లేని కోపం, మగత లాంటివి ఏ ఒక్కటి ఉన్నా ఆ నీరు చూసి తీరాలి. మెదడు పొరల్లో జబ్బు ఉందో లేదో తేలితేనే మందుల కాలం, స్టెరాయిడ్ అవసరం నిర్ణయమవుతాయి. మందులు రోగిని బతికించినా చూపు పోవడం, కాలూ చెయ్యీ పడిపోవడం లాంటి నష్టాలు మిగిలేది ఈ భాగం ఆలస్యమైనప్పుడే.

మందులు కొత్తవేమీ కావు. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్ నాలుగూ ఒకే మాత్రలో, బరువును బట్టి రోజుకు ఇన్ని అని 2 నెలలు. తర్వాత పైరజినమైడ్ తీసేసి మిగిలిన మూడూ 4 నెలలు. ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. మెదడు పొరలకు పాకితే తక్కువలో తక్కువ 9 నెలలు, తరచుగా 12. వెన్నెముకకు, ఎముకలకు పాకినా 12 నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. స్టెరాయిడ్లు మెదడు పొరల టీబీలో ప్రాణాలు కాపాడతాయి. కిందటి పేరాల్లో అంతగా తిట్టిన మందే, సరైన చోట, టీబీ మందుల కాపలాలో ఇచ్చినప్పుడు మేలు చేస్తుంది. రిఫాంపిసిన్‌కు లొంగని క్రిమి అయితే లెక్క మారుతుంది. ఇలాంటి మొండి టీబీకి ఇటీవల వచ్చిన 6 నెలల బీపాల్‌ఎమ్ వైద్యం ఎంతోమందికి వరమైంది కానీ, మిలియరీ టీబీనీ మెదడు, ఎముకల టీబీనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అందులోంచి మినహాయించింది. వీళ్ళకు ఎక్కువ కాలం పట్టే పాత దారే.

మందు పనిచేస్తోందని తెలుసుకోవడంలోనూ ఈ జబ్బుకు తేడా ఉంది. మామూలు టీబీలో రెండో నెలాఖరుకు గళ్ళ నెగటివ్ అయిందా అని చూస్తాం. ఇక్కడ చాలామందిలో మొదటి నుంచీ గళ్ళ నెగటివే, ఆ కొలబద్ద మన చేతిలో లేదు. అందుకే జ్వరం పట్టీ, బరువు తూచే మిషను, ఎక్స్‌రే ఈ మూడింటి మీదే ఆధారపడతాం. మూడూ ఒకేసారి మారవు. మొదట దిగేది జ్వరం, సాధారణంగా 1 నుంచి 3 వారాల్లో. దాని వెంట ఆకలి వస్తుంది. బరువు పెరగడం రెండో నెలకు తెలుస్తుంది. ఎక్స్‌రే అందరికంటే సోమరి, శుభ్రపడటానికి నెలలు పడుతుంది. మందులు మొదలుపెట్టిన పన్నెండో రోజున ఆదోని అబ్బాయికి జ్వరం ఆగింది. రెండో నెల ఫిల్ము తీసినప్పుడు వాళ్ళమ్మ చూసి, "ఇంగా ఉండాయి సామీ గింజలు" అని దిగులు పడింది. ఉన్నాయి, మునుపటికంటే పలచబడ్డాయి. అబ్బాయి బరువు మూడు కిలోలు పెరిగింది, మెట్లెక్కుతున్నాడు. ఆ సమయంలో నమ్మాల్సింది బరువును. చుక్కలు ఉన్నాయని మందులు మార్చడం ఎంత తప్పో, జ్వరం పోయిందని ఆపడం అంతకంటే పెద్ద తప్పు.

మొదటి కొన్ని వారాలే అన్నిటికంటే ప్రమాదకరం. ఆయాసం పెరిగి ఊపిరితిత్తులు చేతులెత్తేయవచ్చు, అప్పుడు ఐసీయూ కావాలి. కిడ్నీల మీద టోపీలా ఉండే అడ్రినల్ గ్రంథులను జబ్బు తిని ఉంటే ఇంకో ముప్పుంది. ఆ గ్రంథులు తయారుచేసే, బీపీని నిలబెట్టే కార్టిసాల్ హార్మోనును రిఫాంపిసిన్ వేగంగా కరిగిస్తుంది, ఉన్న కొద్దిపాటి నిల్వ కూడా తరిగి బీపీ పడిపోతుంది. సరైన మందే వేశారు, మనిషి ఇంకా నీరసించి వాంతులు చేసుకుంటున్నాడు అంటే మందు పడలేదని ఆపేయకుండా సోడియం, కార్టిసాల్ చూడాలి. కామెర్ల విషయమూ ఇంతే. కాలేయంలోనే గింజలుంటాయి కాబట్టి ఎంజైములు మొదట్లోనే పెరిగి ఉండవచ్చు. మొదటి రోజు రక్తపరీక్ష లేకపోతే, నెల తర్వాత పెరిగినది జబ్బు వల్లనో మందు వల్లనో ఎవరూ చెప్పలేరు. తగ్గిన జ్వరం మళ్ళీ వచ్చిందంటే కారణాలు చాలా ఉంటాయి: మాత్రలు మానేయడం, మందుకు లొంగని క్రిమి, మందు వల్లనే వచ్చే జ్వరం, లేదా కోలుకుంటున్న శరీరం చచ్చిన క్రిముల మీద విరుచుకుపడటం. ఈ చివరిది హెచ్‌ఐవీ మందులు మొదలుపెట్టినవాళ్ళలో ఎక్కువ. మూత్రం నారింజ రంగులోకి మారడం మాత్రం ఏ ప్రమాదమూ కాదు. నిజానికి అది రిఫాంపిసిన్ మింగుతున్నారనడానికి గుర్తు.

ఇంత చేసినా ఆసుపత్రుల్లో చేరిన పెద్దవాళ్ళలో దాదాపు పావు వంతు మంది దక్కడం లేదని వివిధ దేశాల లెక్కలు చెబుతున్నాయి. ఆ పావు వంతులో ఎక్కువమంది ఆలస్యంగా వచ్చినవాళ్ళు, స్పృహ తప్పి వచ్చినవాళ్ళు, బాగా చిక్కిపోయినవాళ్ళు. మందులు లేని కాలంలో ఈ జబ్బు వచ్చిన మనిషి బతికేవాడే కాదు. మన సీమలోనే, మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియంలో 1915 నుంచీ పొడిగాలి, విశ్రాంతి, పాలూ గుడ్లతో క్షయ రోగులను చూసుకున్నారు. చాలామందికి మేలు జరిగింది కానీ రక్తంలో చల్లుకున్న జబ్బును గాలి మాన్పలేదు. 1943లో స్ట్రెప్టోమైసిన్ దొరికాకే ఆ శిక్ష సడలింది. దేశంలో బీసీజీ టీకా మొదలైన చోట్లలో కూడా మదనపల్లె ఒకటి, 1948లో. పెద్దల ఊపిరితిత్తుల టీబీని బీసీజీ ఆపలేకపోవచ్చు. పసిపిల్లల్లో మిలియరీనీ మెదడు పొరల టీబీనీ మాత్రం బాగా అడ్డుకుంటుంది. పుట్టగానే వేసే ఆ భుజం మీది మచ్చ ఇందుకే.

తిండి గురించి ఒక మాట. జార్ఖండ్‌లో చేసి 2023లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో, మొదటి రెండు నెలల్లో బరువు నూటికి 5 వంతులు పెరిగిన టీబీ రోగుల్లో చావు ముప్పు 61 శాతం తక్కువగా ఉంది. మా దగ్గర ఇంకా 'వేడి చేస్తుంది' అని గుడ్డు మాన్పిస్తారు, బుడ్డలు (వేరుశనగలు) మాన్పిస్తారు, చారూ అన్నంతో పథ్యం పెడతారు. సారా మానడం తప్ప ఈ జబ్బుకు వేరే పథ్యం లేదు. సంగటి, పప్పు, ఉలవలు, గుడ్డు, బుడ్డలు, దొరికితే మాంసం, ఆకలి తిరిగొచ్చిన రోజునుంచి ఎంత తినగలిగితే అంత. ఇందుకని నెలకు ప్రభుత్వం ఇచ్చే డబ్బు 2024 నవంబరు నుంచి 500 నుంచి 1000 రూపాయలైంది.

నాలుగో నెలలో ఆదోని అబ్బాయి సుగ్గికి పోతానన్నాడు. ఆ తట్టున పంటలు పోయిన ఏడు ఊళ్ళకు ఊళ్ళే మిరపకాయ కోతకు గుంటూరు దారి పడతాయి, వద్దంటే ఆగేది కాదు. టీబీ రోగులకు ప్రభుత్వ ఆన్‌లైన్ జాబితాలో ఇచ్చే నిక్షయ్ నంబరు ఉంటే మాత్రలు ఏ జిల్లాలోనైనా ఇస్తారు. ఆ నంబరును వాళ్ళమ్మ చీర కొంగులో కట్టుకునే కాగితం మీద ఒకసారి, అబ్బాయి ఫోనులో ఒకసారి రాయించి, పైగా నెలకు సరిపడా మాత్రలు చేతికిచ్చి పంపాం. ఆరో నెల ముగిసేసరికి వచ్చాడు, 47 కిలోలు. ఫిల్ములో చుక్కలు లేవు.

ఇంట్లో మిగిలినవాళ్ళను అప్పటికే పరీక్షించాం. మిలియరీ రోగి దగ్గులో క్రిములు తక్కువే కావచ్చు, కానీ అతనికి సోకించినవాళ్ళు ఆ కప్పు కిందే ఉండవచ్చు. ఉన్నారు కూడా. ఏళ్ళుగా 'బీడీ దగ్గు' అనుకుంటున్న తాతకు గళ్ళలో క్రిమి దొరికింది. అక్క కూతురు మూడేళ్ళది, జ్వరం లేదు, బరువు తగ్గలేదు, ఎక్స్‌రే బాగుంది. జబ్బు రాకుండా ఆ పాపకు 6 నెలలు రోజూ ఐసోనియాజిడ్ రాశాం. మాత్రను నలిపి వాళ్ళమ్మమ్మే తాపిస్తోంది.